ఫ్యాన్ నోరు మూయించిన మాస్టారు

"ఏవండీ, పేలిపోదు కదా?"

లెక్కల మాస్టారి భార్య ఆ మాట అడగడం పొద్దున్నుంచి ఇది తొమ్మిదోసారి.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ముందు ఆ తడి తువ్వాలు అవతల పెట్టు" అన్నారు మాస్టారు, కంప్యూటర్ ముందు నుంచి కదలకుండా.

ఆవిడ పెట్టలేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడ కీడెంచే దగ్గరే ఆగిపోయే మనిషి. అప్పటికే గ్యాస్ బండ కట్టేసింది. కూతుర్ని పక్కింటికి పంపేసింది. పంపే ముందు, ఎందుకైనా మంచిదని, దాని ఫొటో ఒకటి తీసుకుంది.

ఇంత హడావుడికీ కారణం మాస్టారి ఛానెల్. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆయన గంటసేపు కూర్చుని, పడుకోబోయే ముందు వినదగిన మంచిమాటలు చెప్పి వీడియో పెడుతున్నారు. బళ్ళో ఆయన మాట ఏ పిల్లాడూ వినడు. ఇంట్లో టీవీ తగ్గించమంటే ఇంకో రెండు గీతలు పెంచుతారు. అలాంటి మనిషికి పద్నాలుగు వేల మంది శ్రోతలు!

"మీ వీడియో పెట్టకపోతే మా చంటాడు నిద్రపోడండీ" అని ఒకామె రాసింది.

"నిద్రమాత్రలు మానేశాను. మీకు రుణపడి ఉంటాను" అని ఇంకొకాయన.

"ఇలాగే ఉంచండి సార్, దయచేసి ఏమీ మార్చకండి" అని చాలామంది.

ఒక్కొక్కటీ పైకి చదివి, మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. చివరికి పోయిన వారం కుండబద్దలు కొట్టారు.

"ఉద్యోగం మానేస్తున్నా. అక్కడ నలభై మంది గోడలకి చెప్పేకంటే, ఇక్కడ చెవులున్న వాళ్ళకి చెప్పుకుంటా."

రాజీనామా లేఖ టైపు చేసి సిద్ధంగా ఉంచారు. ఈ ఆదివారం వీడియో పెట్టడమే ఆలస్యం, అది హెడ్మాస్టరుకి వెళ్ళిపోతుంది. ఉన్నదీ పోయి ఉంచుకున్నదీ పోతుందేమోనని ఆవిడకు వారంగా కంటిమీద కునుకు లేదు. భర్త వీడియో పెట్టుకుని కూడా చూసింది, నిద్ర రాలేదు.

ఈలోగా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నువ్వేం చెబుతావో గానీ వెనకాల విమానం దిగుతున్నట్టుంది. ఆ కంప్యూటర్ ఫ్యాన్ సంగతి కాస్త చూసుకో."

మాస్టారికి ఒళ్ళు మండింది. ఉద్యోగం మానేసే రోజు పెట్టే వీడియో మచ్చలేకుండా ఉండాలనుకున్నారు. రిపేరు షాపాయన్ని అడిగితే ఆయన, "దుమ్ము దులిపించండి మాస్టారూ. స్పీడు తగ్గించవచ్చు గానీ నలభై శాతం కిందకి మాత్రం దించకండి, వేడెక్కిపోతుంది" అన్నాడు.

"శాతాలు నాకు చెబుతున్నాడు!" అన్నారు మాస్టారు ఫోన్ పెట్టేసి.

తెరమీద ఒక గీత. దానిమీద ఒక చుక్క. చుక్కని కిందకి లాగితే లోపలి ఫ్యాన్ నెమ్మదిస్తుంది. పక్కనే వేడి ఎంతుందో చెప్పే అంకె. మాస్టారు చుక్కని నూరు నుంచి డెబ్భైకి, డెబ్భై నుంచి నలభైకి లాగారు.

"అరవై రెండు అయిందండీ!"

"మనిషికి నూటమూడు వస్తే కంగారుపడాలి. దీనికి అరవై రెండేగా?"

"మనిషికి అరవై రెండు వస్తే పోయినట్టే కదండీ!"

మాస్టారు చుక్కని ఇరవైకి దించారు. గది ఒక్కసారిగా మూగబోయింది. గోడ గడియారం టిక్కుటిక్కుమనడం ఆవిడకు ఏడాది తర్వాత వినిపించింది.

ఫ్రిజ్ ఆపారు. పైన తిరిగే ఫ్యాన్ ఆపారు. మాస్టారు చెమటలు కక్కుతూ, "మనసును చల్లగా ఉంచుకోండి" అని మొదలుపెట్టారు. ఆవిడ ఒక చేత్తో తువ్వాలు, ఇంకో చేత్తో మెయిన్ స్విచ్ పట్టుకుని నిలబడింది. తడిచేత్తో స్విచ్ ముట్టుకోకూడదని గుర్తొచ్చి తువ్వాలు భుజాన వేసుకుంది. అంకె డెబ్భై ఎనిమిదయింది. ఎనభై ఐదయింది. "భయమే మనిషికి శత్రువు" అంటున్నారు మాస్టారు. తొంభై ఒకటి దగ్గర ఆవిడ కళ్ళు మూసేసుకుంది.

గంట గడిచింది. ఏదీ పేలలేదు.

మాస్టారు రికార్డు చేసింది విన్నారు. ప్రతి మాటా ముత్యంలా ఉంది. ఇన్నాళ్ళూ రేకుల షెడ్డు కింద జడివానలో అరిచినట్టుండే గొంతు, ఇవాళ చెవి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. వీడియో పెట్టేశారు. ఆ చేత్తోనే రాజీనామా లేఖ మీదికి వెళ్ళారు.

"ఒక్క పూట ఆగండి. విన్నవాళ్ళు ఏమంటారో చూద్దాం."

"ఏడాదిగా అంటూనే ఉన్నారు కదే పిచ్చిదానా!" అని నొక్కేశారు.

లేఖ వెళ్ళిపోయింది. ఇంటి కప్పు ఇంటిమీదే ఉంది. తన భయానికి ఆవిడకే సిగ్గేసింది. పక్కింటికి వెళ్ళి కూతుర్ని తెచ్చుకుంది. కట్టేసిన గ్యాస్ మళ్ళీ తిప్పింది. టీకి నీళ్ళు పెట్టబోతుంటే మాస్టారి ఫోన్ టింగుమంది.

"వచ్చింది మొదటి కామెంటు! నువ్వే చదువు. గట్టిగా చదువు, పిల్ల కూడా వినాలి" అన్నారు మాస్టారు, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని.

ఆవిడ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది: "అయ్యా, ఏడాది నుంచి మీరు పెడుతున్న ఆ హోరు వింటేనే మా ఇంట్లో అందరికీ నిద్ర పడుతోంది, ఇవాళ అది తీసేశారేంటి, అసలు మధ్యలో ఈ మాట్లాడే ఆయనెవరు?"