దుమ్ము పోయిన దారి

రేకుల కప్పుకు చిన్న చిల్లు. అందులోంచి ఒక ఎండ గీత మరమగ్గాల మధ్యకు దిగింది.

నాన్నకు సద్ది గిన్నె తెచ్చిన పదేళ్ల గోదావరి, ఆ సంగతే మరిచి గీత ముందు గొంతుక్కూర్చుంది. కంటికి నాన్న భూతద్దం, బట్టలో దారాలు లెక్కపెట్టేది.

నూలు దుమ్ము వెలుగులో తళుక్కుమంటూ ఎగురుతోంది. చూసేకొద్దీ ముచ్చటగా ఉంది.

"కాకా, ఈ దుమ్మంత ఏడికి పోతది?"

మగ్గాల కింద నూలు పొట్టు ఊడ్చే పోచయ్య చీపురు ఆపాడు. భవాని పేట్‌లోని ఆ షెడ్డులో ఆమె ప్రశ్నలకు ఆగేవాడు అతనొక్కడే. మగ్గాల మోతలో చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాలి. ఆ శ్రమా అతనొక్కడే పడేవాడు.

"నువ్వే చెప్పరాదూ?"

"కింద పడ్తది. నువ్వు ఊడుస్తవు."

"మొత్తం పడ్తదా?"

గోదావరి గాలిలోకి చూసింది. చీపురు ముందున్న కుప్పను చూసింది.

"లేదు. కొంచెం ఏడికో పోతది."

"చూపిస్త తియ్యి. పెద్దగైనంక."

"ఇప్పుడే చూపియ్యి."

"ఇప్పుడు కనవడదు."

పక్క మగ్గం దగ్గరి నుంచి వాళ్ల వైపు వంగి నాన్న రాజారాం నవ్వాడు. "పెండ్లాం దినాం వెయ్యి బీడీలు చుడ్తది, ఒక్కటన్న కాల్చడు. గసొంటోనితోని ఏం ముచ్చట్లే పోరీ?"

"ఈ దుమ్ము చాలదా అన్నా, మల్ల బీడీ ఎందుకు?" అంటూ పోచయ్య దగ్గాడు.

గోదావరి పకపకా నవ్వింది. నవ్వు మధ్యలో తనకూ దగ్గొచ్చింది. ఆగకుండా వచ్చింది.

పోచయ్య ఆమె కనురెప్పల మీది తెల్లటి నూగును వేలితో తుడిచాడు. వేలికంటిన నూగునూ, దగ్గుతున్న పిల్లనూ మార్చి మార్చి చూశాడు. చీపురు గోడకు ఆనించి షెడ్డు యజమాని సేటు దగ్గరికి వెళ్లాడు.

"సేట్, రాజారాం బిడ్డ నడిచే మగ్గంల చెయ్యి పెడ్తున్నది. రేపు జడ చిక్కితే మీ మీదికే వస్తది."

"నేను ముట్టనే లేదు," అంది గోదావరి.

ఎవరూ వినలేదు. నాన్న భూతద్దం గుంజుకుని వీపు మీద ఒకటి వేశాడు. ఆ రోజు నుంచి సద్ది గిన్నె గేటు దగ్గరే ఇచ్చి పోవాలి.

"చూపిస్తనన్నవు గద," అంది వెళ్తూ వెళ్తూ.

పోచయ్య ఊడుస్తూనే ఉన్నాడు.

ఆ అబద్ధాన్ని గోదావరి మరిచిపోలేదు, ఆ ప్రశ్ననూ మరిచిపోలేదు. ఎవరూ చూపించకపోతే తానే చూస్తాననుకుంది. కాలేజీలో మొదటిసారి మైక్రోస్కోపులోకి వంగినప్పుడు, రేకుల చిల్లు నుంచి దిగిన ఆ ఎండ గీతే గుర్తొచ్చి ఒక్కతే నవ్వుకుంది.

పదమూడేళ్లు గడిచాయి. ఇప్పుడు ఆమె పరిశోధన నేతవాళ్ల ఊపిరితిత్తుల మీదే.

"వీళ్ల దగ్గు దుమ్ము వల్లే అంటావు. అందరూ బీడీలు తాగేవాళ్లే కదా," అనేవారు ప్రొఫెసర్. "బీడీ ముట్టని మనిషి ఊపిరితిత్తి ఒక్కటి తీసుకురా, నమ్ముతాను. లేకపోతే అంశం మార్చుకో."

పోయినవాళ్ల ఊపిరితిత్తి పరీక్షకు ఇమ్మని ఏడాదిగా చావు జరిగిన ఇళ్ల తలుపులు తట్టింది. అందరూ మొహం మీదే వేసుకున్నారు.

ఆ మాఘంలో ఆమె పెళ్లయింది. అక్షింతల వేళ పోచయ్య వచ్చాడు. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి వచ్చిన మనిషి పందిరి గుంజ పట్టుకుని చాలాసేపు రొప్పాడు.

"బిడ్డా, దుమ్ము ఏడికి పోతదని ఇంకా అడుగుతున్నవా?"

గోదావరి మొహం తిప్పుకుంది.

"ఎవరాయన?" అన్నాడు పెళ్లికొడుకు వెంకటేశ్.

"అబద్ధాలకోరు," అంది, వినపడేలాగే.

పోచయ్య అక్షింతలు వేశాడు. రాజారాం పక్కన కాసేపు కూర్చుని, పిల్ల ఏం చదువుతోంది, ఆమెకు ఏం దొరకడం లేదు అని అడిగి తెలుసుకుని వెళ్లిపోయాడు.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం. వెంకటేశ్ కాలేజీకి అన్నం డబ్బా తెచ్చాడు. వరండా మెట్ల మీద ఇద్దరూ ఒకే మూతలో జొన్నరొట్టె, పల్లీల పొడి కలుపుకున్నారు.

"కారం ఎక్కువైందా?"

"నువ్వు తినిపిస్తే తెలియడం లేదు."

ఇద్దరూ నవ్వుతుండగా ఆసుపత్రి అటెండర్ వచ్చాడు. "బాయీ, నీ టేబుల్ మీద గాజు జాడీ పెట్టిన. ఒకాయన సచ్చేముందే రాసిచ్చిండంట. లవకర్, జల్ది చూడు."

గోదావరి చేతులు కడుక్కుని పరుగున వెళ్లింది. జాడీలో, మందు నీళ్లలో ఒక ఊపిరితిత్తి; పక్కన మడత పెట్టిన కాగితం ఉంది.

పేరు: పోచయ్య. ఊరు: విడీ ఘర్కుల్. వయసు: అరవై. పని: షెడ్డు ఊడ్చుట. బీడీ అలవాటు: ఎన్నడూ లేదు.

దాని కింద భార్య వేలిముద్ర. ఆ కింద వంకర టింకర తెలుగు అక్షరాల్లో రెండు ముక్కలు.

"రాజారాం బిడ్డకే ఇయ్యాలె. దుమ్ము ఏడికి పోతదని అడిగింది, పెద్దగైనంక చూపిస్తనన్న."