పాడకూడని రేవు

మిట్టమధ్యాహ్నం సముద్రం మీద నుంచి పాట వినబడింది.

డుమాగిల్‌కి గుండె ఆగినంత పనైంది.

ఊరి దొర హమాండుగ్ పోయాడు. ఆ దీవిలో దొర పోతే ఊరంతా నోరు మూసుకోవాలి. అందరూ తెల్లబట్టలే కట్టాలి. ఈటెల మొనలు నేలకేసి తిప్పి మొయ్యాలి. దంచిన చప్పుడు, నవ్విన చప్పుడు, మొగుడూ పెళ్లాల చప్పుడు, ఏదీ బయటికి రాకూడదు. పడవలు పాట లేకుండా రేవుకు రావాలి.

ఆ మౌనానికి కాపలా డుమాగిల్.

వాడు పనిలోకి దిగాక కోళ్ల ముక్కులకు నార కట్టారు. కుక్కలు గుసగుసగా మొరగడం నేర్చుకున్నాయి. ఓ పసివాడు ఏడవబోయి, వీణ్ణి చూసి, మనసు మార్చుకున్నాడు. చాటింపు కూడా ఇంటింటికీ తిరిగి చెవిలో ఊదారు.

ఇదంతా భక్తి కాదు, భయం.

దొర బతికుండగా ఒంటరిగా తాగి ఎరగడు. బియ్యపు కల్లు జాడీలో రెండు వెదురు గొట్టాలు వేసేవారు. ఒకటి దొరది, రెండోది డుమాగిల్‌ది. చప్పుడుకి దొర ఉలిక్కిపడి లేస్తే ముందు ఎవర్ని పిలుస్తాడో ఊరందరికీ తెలుసు. పోయిన దొర పిలిస్తే పోవాల్సిందే.

డుమాగిల్ రేవుకి పరుగెత్తాడు, మునివేళ్ల మీద.

పడవలో ఓ ముసలామె. చేతిలో తెడ్డు. పడవ వస్తోంది గానీ దాని వెనకాల నీళ్లు కదలడం లేదు.

"నోర్ముయ్ అవ్వా!" అన్నాడు గుసగుసగా.

"ఏంటి నాయనా, వినబళ్లా!" అని అరిచింది.

"దొర పోయాడు. ఇక్కడ పాడకూడదు."

"పోయాడనేగా వచ్చింది. పాడకపోతే నేనొచ్చినట్టు ఎలా తెలుస్తుంది?"

"ఎవరికి?"

"ఎక్కేవాళ్లకి."

"ఓహో! ఊరంతా ఏడుస్తుంటే బేరం వెతుక్కుంటూ వచ్చావా?"

ముసలామె చెవి ఒగ్గి విన్నది. "ఎవరూ ఏడుస్తున్నట్టు లేదే?"

"లోపల ఏడుస్తున్నాం. కట్టుబాటు అది."

పాడిన పడవని పగలగొట్టాలి. పాడినవాళ్లు దొరింట్లో ఊడిగం చెయ్యాలి. అదీ కట్టుబాటే. గొడ్డలికి గుడ్డ చుట్టి కొట్టారు కాబట్టి పడవ చీలడానికి సాయంత్రమైంది. చెక్కల్ని శవజాగారం మంటలో వేశారు. అవి కాలాయి. పొగ రాలేదు, వేడీ రాలేదు.

ముసలామె శాపనార్థాలు పెట్టలేదు.

"అయ్యో, ఇప్పుడాయన ఎలా వెళ్తాడు?" అంది, అంతే.

"ఎవరైతేనేం, కాళ్లు లేవా? నడిచి పోతాడు," అన్నాడు డుమాగిల్.

మర్నాడు ఆమె చేతికి రోకలిచ్చి, చప్పుడు రాకుండా దంచమన్నారు. నిజానికి అది శిక్ష. దంపుడు నిషేధమని ఊరంతా దుంపలు ఉడకేసుకు తింటోంది. ముసలామె రోకలెత్తి వేసింది. చప్పుడు లేదు. మళ్లీ వేసింది. లేదు. రోట్లో బియ్యం మాత్రం తెల్లగా మల్లెమొగ్గల్లా పడ్డాయి.

డుమాగిల్ పొంగిపోయాడు.

"చూశావా దొరసానమ్మా! పనిమనిషంటే ఇలా ఉండాలి."

"ఎండలో ఉన్నా దాని కాళ్లు ఆరడం లేదేంట్రా?"

"పనిలో ఉంది కదమ్మా. ఆరే తీరికేదీ?"

దొరసానికి అంతకన్నా పెద్ద బెంగ ఉంది.

దొరను గట్టి కలప పెట్టెలో పెట్టి, సందులన్నీ జిగురుతో మూసేశారు. అయినా పొద్దు వాలితే చాలు, వెదురు నేల కిర్రుమంటోంది. ఎవరో ఇంటి నిచ్చెన దిగుతున్నారు. కాసేపటికి ఎక్కుతున్నారు. నిచ్చెన నుంచి పెట్టె దాకా తడి ఇసుక అడుగులు. జాడీలో కల్లు తగ్గుతోంది. డుమాగిల్ తాగలేదు. ఈసారి నిజంగానే తాగలేదు.

చివరికి బయ్‌లాన్‌ని పిలిచారు, పోయినవాళ్లతో మాట్లాడే ఆవిడని.

"డప్పు లేకుండా పూనకం రాదు," అందావిడ.

"డప్పు కుదరదు," అన్నాడు డుమాగిల్.

చాలాసేపు కూర్చున్నారు. ఆఖరికి పూనకానికే విసుగొచ్చి, అదే వచ్చింది.

బయ్‌లాన్ తల వాల్చింది. లేచినప్పుడు గొంతు దొరది.

"రోజూ రేవుకి పోతున్నా. నిలబడి నిలబడి వస్తున్నా. నన్ను దాటించే పడవ రాలేదు."

దొరసాని పెట్టె వైపు చూసింది.

"ఒక్కణ్ణే ఎంతకాలం నిలబడను? పడవొచ్చేదాకా తోడుండాలి. డుమాగిల్‌ని పంపండి."

అందరూ వాడివైపు తిరిగారు. ఆ ముఖాల్లో దిగులుంది గానీ, తమ పేరు రాలేదన్న తేలిక కూడా ఉంది. అప్పుడే ఎవరో వాడి ఎత్తు చూసి వెదురు కొలుస్తున్నారు, చప్పుడు కాకుండా.

డుమాగిల్ నిచ్చెన దిగాడో, దొర్లాడో తెలీదు. పెరట్లో రోటి వెనకాల నక్కాడు. ముసలామె దంచుతూనే ఉంది.

"అవ్వా! నువ్వు నాలుగు రేవులు తిరిగినదానివి. పోయినోళ్లని దాటించే పడవ ఎక్కడాగిపోయిందో నీకేమైనా తెలుసా? ఎలాగైనా పిలిపించు. నీ ఊడిగం మాన్పిస్తా. నేను నీకు ఊడిగం చేస్తా."

రోకలి ఆగింది.

"మీ అమ్మనీ, అంతకుముందు దొరనీ ఈ రేవులోంచే పాడుకుంటూ తీసుకెళ్లాను నాయనా," అంది ముసలామె చేట అందుకుని పొట్టు చెరుగుతూ, "అప్పటి కాపలావాడు మర్యాద తెలిసినవాడు, నా పాట వినబడగానే నిద్ర నటించేవాడు."