ఆకురాయి గీతలు

ఫుసాయె చీటీ మీద నంబరు నూట పన్నెండు. లోపలికి పిలిచింది ముప్పై ఏడో నంబరుని.

తెల్లవారకముందే బయల్దేరి, రెండు బస్సులు మారి వచ్చింది. బడి హాలు నిండా జనమే. ప్రతివాళ్ళ ఒళ్ళోనూ గుడ్డ చుట్టిన కత్తో, బల్లెమో. ఆయుధం ఉంచుకోవచ్చనే కాగితం ఇవాళ దొరికితే ఇంటికి తీసుకుపోవచ్చు. దొరక్కపోతే వెనక పెరట్లోనే రెండు ముక్కలు చేస్తారు.

ఆమె తెచ్చింది మూరెడు కూడా లేని పొట్టి బల్లెం మొన. తమ్ముడు తొకుజి పుట్టినప్పుడు తండ్రి చేయించి, పిల్లాడి తలగడ పక్కన పెట్టాడు. తొకుజి యుద్ధం నుంచి తిరిగి రాలేదు. అస్థికలంటూ పంపిన పెట్టెలో ఒక గులకరాయి ఉంది, అంతే. వాడిదంటూ ఇంట్లో మిగిలింది ఈ బల్లెం ఒక్కటే.

యుద్ధం గెలిచినవాళ్ళ సైనికుల సోదాలకు భయపడి ఐదేళ్ళు పొలంలో పాతిపెట్టడంతో మొనంతా తుప్పు తినేసింది. కర్రలో దాగి ఉండే తోక ఒక్కటే కాస్త నయం. అదీ నల్లగా ఉందని, ఫుసాయె గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టింది.

"తోక జోలికి పోకమ్మా," అన్నాడు పక్కనున్న ముసలాయన.

ఆమె వినిపించుకోలేదు. ఆ నల్లతుప్పే దాని వయసనీ, దాని కింది ఆకురాయి గీతలే కమ్మరి చేవ్రాలనీ ఆయన చెప్పుకుపోయాడు.

"మీరేం తెచ్చారు, ఊతకర్రా?" అంది వెటకారంగా.

ఆయన కర్ర తల కొంచెం తిప్పి లాగాడు. రెండంగుళాల మేర సన్నని కత్తి బయటికొచ్చి, మళ్ళీ లోపలికి పోయింది. అతుకు ఎక్కడుందో ఎంత చూసినా ఆమెకు కనిపించలేదు. దీన్ని ఇచ్చేసి పోదామని వచ్చానన్నాడు. కాగితం అడగరా అంటే, అందరివీ ముక్కలవుతుంటే తనదొక్కటీ ఎందుకన్నాడు.

తిక్క మనిషి అనుకుంది ఫుసాయె.

నంబరు యాభై దగ్గర ఆగిపోయింది. లోపల టీలు తాగుతున్నారట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది, ఆ కసంతా తోక మీదే తీర్చుకుంది. ముసలాయన మెడ సాచి బల్లేన్ని చాలాసేపు చూసి, ఎవరికోసం చేయించారమ్మా అని అడిగాడు.

"పొద్దుట్నుంచీ చంపుతున్నారు తాతా. మీ కర్ర సంగతి మీరు చూసుకోండి, నా గోల నన్ను పడనీండి."

ఆయన కర్రని ఒళ్ళోకి తీసుకుని అటు తిరిగి కూర్చున్నాడు. తన నంబరు రాగానే లేచి లోపలికి వెళ్ళాడు. మళ్ళీ ఇటు రాలేదు.

ఆమెను పిలిచేసరికి నాలుగైంది. అప్పటికి తోక తళతళలాడుతోంది.

పరీక్షాధికారి మియొషి దాన్ని చూడగానే కళ్ళజోడు తీసేశాడు. పేరు చెక్కి లేదు. మొన మీద చూద్దామంటే అంతా తుప్పే. తోక మీద గీతలైనా ఉంటే చేత్తో చేసిందో, సైన్యం కర్మాగారంలో చేసిందో తెలిసేది. కర్మాగారం సరుక్కి కాగితం ఇవ్వకూడదు.

"ఎవరు రుద్దారు దీన్ని?"

"నేనే."

"దీన్ని చేస్తుండగా చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నాన్న చూశాడు. ఆయన పోయాడు."

తమ్ముడి సంగతి చెప్పింది, గులకరాయి సంగతి కూడా. మియొషి తలవంచుకుని విన్నాడు గానీ, కుదరదనే ఎర్రముద్ర వేయక తప్పలేదు. కాసేపటికి పెరట్లోంచి రంపం చప్పుడు వినిపించి, ఆగింది. ఎవరి మీద అరవాలో ఫుసాయెకు తెలియలేదు.

మియొషి ముక్కలు చేసినవాటి పద్దు పూర్తి చేస్తూ, చేసినవాడి పేరు తెలుసా, లేకపోతే ఖాళీగా వదిలేస్తానన్నాడు.

"కువబత అని చెప్పేవాడు నాన్న. పై లోయలో కమ్మరట."

రాస్తున్న చెయ్యి ఆగింది.

"కువబత ఒక్క మాట చెబితే చాలేదమ్మా, కాగితం ఇచ్చేవాణ్ణి," అన్నాడు మియొషి. "తలుపులోంచి చూస్తూనే ఉన్నాను, పొద్దుట్నుంచీ మీ పక్కన కూర్చున్నది ఆయనే."