బూటుకంటిన మట్టి

"ఏదీ, ఒక్కసారి వాసన చూడు!" అంటూ ఆయన గాజు గొట్టాన్ని భార్య ముక్కు కింద పెట్టాడు.

ఆవిడ దగ్గింది. "అబ్బ! ముక్కు అదిరిపోయిందండీ."

"అమోనియా! చిటికెడు సున్నం కలిపానంతే. కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది మట్టి!"

మట్టి పరీక్షల కేంద్రంలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఆయన్ని అందరూ మట్టి డాక్టరంటారు. సెలవురోజు ఒక చోట కూర్చోలేని మనిషి. ఈ ఉదయం చెప్పుల స్టాండులో కూతురి బూట్లు కంటపడ్డాయి. వాటికంటిన మట్టిని చూడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వంటగది గట్టు ప్రయోగశాలగా మారిపోయింది.

"పొద్దున్నే పార్కులో నడకకు వెళ్తున్నామంటారుగా తల్లీకూతుళ్లు? పార్కుది ఆమ్ల నేల. మరి ఇది చూడు." మట్టినీళ్లలో ముంచిన ఎర్ర లిట్మస్ కాగితం నీలం తిరిగింది. "క్షారం! ఇది పార్కు మట్టి కాదు."

"ఎక్కడి మట్టయితే ఏంటండీ? పాలు పొంగుతున్నాయి, జరగండి."

ఆయన జరగలేదు. బూటు అడుగున ఇరుక్కున్న గడ్డిపరకను భూతద్దం కింద పెట్టి, ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"మొదలు ముదురాకుపచ్చ, కొస మాడిపోయింది! నత్రజని సరిపడా అందితే గడ్డి ఏపుగా పెరుగుతుంది, మితిమీరితే ఇలా మాడుతుంది. జంతువుల మూత్రం పడే చోటు ఇది. పైగా ఇసుక, రంపపు పొట్టు... పట్టేశా! ఊరి చివర గుర్రపుస్వారీ బడి!"

"అమ్మాయి రోజూ నా పక్కనే నడుస్తుంది కదండీ."

"నీ కళ్లు కప్పడం ఎంతసేపే పిచ్చిదానా!"

కేకేసి కూతుర్ని పిలిచాడు. వచ్చే వారం వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరాల్సిన పిల్ల, సర్దుకుంటున్న పెట్టె వదిలేసి వచ్చింది.

"ఎవడు వాడు?"

"ఎవడేంటి నాన్నా?"

"రోజూ ఆ గుర్రాల దగ్గరికి ఎవడి కోసం వెళ్తున్నావు?"

ఆ అమ్మాయి తల్లి వైపు చూసింది. తల్లి వద్దన్నట్టు తల ఊపింది.

"నన్నేం అడక్కు నాన్నా."

"అడగను. అబద్ధాలాడే పిల్లని ఊరుకాని ఊరు ఒంటరిగా పంపను కూడా! ఉద్యోగం లేదు, గిద్యోగం లేదు. పెట్టె విప్పెయ్."

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆవేశపడకండి," అంది భార్య.

"ఆవేశం కాదే, ఆధారం! అయినా గుర్రం మీంచి పడితే నడుం విరుగుతుందని తెలీదూ?"

"పడ్డంత మాత్రాన విరగదు లెండి."

"నువ్విలా వెనకేసుకొచ్చే దాన్ని నెత్తికెక్కించావు. పదండి, అక్కడే తేల్చుకుందాం!"

బూట్లు చేతపట్టుకుని, ఇద్దర్నీ కారెక్కించాడు. కోపం ఎంతుందో, పట్టేశానన్న సంబరం అంతకు రెండింతలుంది. దారి పొడవునా స్టీరింగు మీద వేళ్లతో దరువేశాడు.

గేటు దాటగానే కంచె పక్కన గడ్డి కనిపించింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. "కొసలు చూశారా! మాడిన కొసలు! నేను చెప్పలా?"

స్వారీ నేర్పే కుర్రవాడు గోధుమరంగు గుర్రాన్ని కళ్లెం పట్టి నడిపించుకుంటూ వచ్చి, ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు.

మట్టి డాక్టరు బూట్లు పైకెత్తాడు. "ఏమయ్యా, ఇవేసుకుని రోజూ ఇక్కడికొస్తున్నది ఎవరు?"

కుర్రవాడు నోరు తెరవబోయి నీళ్లు నమిలాడు.

"చూశారా, నోట మాట లేదు!" ఆయన గెలుపు నవ్వు నవ్వి, బూట్లు కింద పడేసి ఫోన్ తీశాడు. "మా అమ్మాయి ఉద్యోగంలో చేరట్లేదని వాళ్లకి ఇప్పుడే చెప్పేస్తా."

"నాన్నా, ప్లీజ్!" కూతురు ఏడ్చేసింది.

భార్య ఆ బూట్లు తొడుక్కుని, ఒక్క ఊపులో గుర్రమెక్కింది.