ముందు కూర్చున్న మనిషి

ఖాళీ పడవ ఒకటి అలల మీద అడ్డంగా ఊగుతూ వచ్చింది.

లోపల తడిసిన గుడారం, గిన్నెల మూట, ఒక తెడ్డు ఉన్నాయి. మనిషి లేడు.

హిల్కా తన చిన్న పడవను దాని పక్కకు పోనిచ్చింది. ఖాళీ పడవది ఆకుపచ్చ రంగు, ముక్కు మీద తెల్లటి అతుకు. ఎవరిదో చూడగానే తెలిసిపోయింది.

మరిది వైనోది.

ఏదో దీవిలో రాత్రి దిగి ఉంటాడు. పడవను సగమే ఒడ్డుకు లాగి, చెట్టుకు కట్టకుండా నిద్రపోయి ఉంటాడు. మిగతా పని గాలి చేసింది.

సెప్టెంబరు చివర్లో కెనడాలో, ఒంటారియో ఉత్తరాన ఈ సరస్సుల మీదికి ఇంకెవరూ రారు. అరవై తొమ్మిదేళ్ల హిల్కా తప్ప.

ఆమె ఆ పడవకు తాడు కట్టింది. కట్టిన ముడి వైపు చాలాసేపు చూసింది.

విప్పేస్తే చాలు.

విప్పలేదు. గాలి వచ్చిన వైపు తెడ్డు వేసింది.

వైనో ఒక రాతి మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. వచ్చేదెవరో పోల్చుకోగానే ఆ చేతులు కిందికి జారాయి.

"వదినా! నువ్వా?"

"నేనే. వేరే ఎవరైనా కావాలంటే చెప్పు, పోతాను."

"అయ్యో, అదేం మాట! దేవుడే పంపాడు నిన్ను."

"దేవుడు కూడా నాతో పడవెక్కడం ఎప్పుడో మానేశాడు వైనో. మన ఊరివాళ్లలాగే."

పద్నాలుగేళ్ల కిందట ఈ సరస్సులోనే ఆమె భర్త ఎస్కో మునిగిపోయాడు. ఆ రోజు పడవలో ముగ్గురు. ముందు హిల్కా, మధ్యలో ఎస్కో. వెనక కూర్చుని పడవ నడిపింది వైనో. విస్కీ సీసా కూడా వైనో చేతిలోనే ఉంది.

ఊళ్లో వైనో వేరేగా చెప్పాడు. "వదిన భయపడి లేచి నిలబడింది. పడవ తిరగబడింది."

ఊరు నమ్మింది. ఆమె పడవలో తమ పిల్లల్ని ఎక్కనివ్వలేదు. సొంత చెల్లెలు కూడా ఏదో వంక చెప్పి తప్పించుకుంది.

అలా ఆమె ఒక్కతే వెళ్లడం మొదలుపెట్టింది. మొదట ఏడుస్తూ, తరువాత తిట్టుకుంటూ, ఆ తరువాత ఏమీ అనకుండా.

ఆమె తన పడవను వైనో పడవ వెనక కట్టింది.

"ఇలా ఇవ్వు వదినా తెడ్డు. వెనక నేను కూర్చుంటా."

"నువ్వు ముందు కూర్చో."

"నాకు ముందు కూర్చునే అలవాటు లేదే."

"నాకుండేది."

వైనో కూర్చున్నాడు.

"ఒట్టి చేతులతో కూర్చోమంటావా?"

"ఒళ్లో పెట్టుకో. నువ్వు తెడ్డు వేస్తే ఏమవుతుందో ఒకసారి చూశాం కదా."

ముందు కూర్చున్నవాడికి వెనకున్న మనిషి కనిపించదు. వైనో మాటిమాటికీ తల తిప్పాడు.

రెండు కొండరాళ్ల మధ్యకు రాగానే తెడ్డు చప్పుడు ఆగింది. ఆ చోటు ఏదో వైనోకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వైనో వీపు వెనక, తాము కూర్చున్న పడవే కాస్త ఊగింది.

"వదినా, ఏం చేస్తున్నావ్?"

"నిలబడ్డాను."

"కూర్చో! నీకు దండం పెడతాను, కూర్చో!"

"ముందు రాళ్లున్నాయేమో చూడొద్దూ? ఎస్కో నిలబడేవాడు. నువ్వూ నిలబడతావు. మన ఊళ్లో పడవలో నిలబడనివాడు ఎవడున్నాడు చెప్పు?"

పడవ తిరగబడలేదు.

వైనో రెండు అంచులూ గట్టిగా పట్టుకుని వంగిపోయాడు.

"నేనే తిప్పాను వదినా, అలకు అడ్డంగా. తాగి ఉన్నాను. నీకు తెలుసుగా."

"నాకు తెలుసు," అని ఆమె కూర్చుంది. మళ్లీ తెడ్డు వేసింది.

అది శనివారం సాయంత్రం. వారం వారం చేసే ఆవిరి స్నానాలు ముగించి, భుజాల మీద తువ్వాళ్లతో ఊరంతా రేవులోనే ఉంది.

"ఒరే వైనో! పెళ్లికూతురిలా ముందు కూర్చున్నావేంట్రా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

వెనకున్నది ఎవరో చూసి నవ్వు ఆపేశారు.

వైనో రేవు కొయ్యను అందుకోబోయాడు. హిల్కా తెడ్డు నిలువుగా దించి పడవను ఆపింది. అతని వేళ్లకూ కొయ్యకూ మధ్య మూరెడు నీళ్లు.

"వదినా, దిగనివ్వు," అన్నాడు మెల్లగా.

"అందరూ ఇక్కడే ఉన్నారు వైనో. చెప్పు."

చలిగాలి మొదలైంది. రేవులో ఎవరూ కదలలేదు.

హిల్కాకు తొందరేమీ లేదు.