ఒక్క ఎంటర్‌తో

"చూడక్కా," అంటూ షాహీనా ఎంటర్ కొట్టింది.

విశాలాక్షి కళ్ళ ముందే స్కూళ్ళ యాప్‌లు తయారయ్యే బిల్డ్ ఫైళ్ళలో పేర్లు, వెర్షన్ నంబర్లు వాటంతటవే మారిపోయాయి. తెనాలిలోని ఈ ఆఫీసులో ఇన్నాళ్ళూ ఆ మార్పులన్నీ ఒక్కొక్కటిగా చేత్తో చేసింది ఆమే. అమ్మ ఆపరేషన్‌కని సెలవు పెట్టి, ఇవాళే రేపల్లె నుంచి మళ్ళీ వచ్చింది.

"షెల్ స్క్రిప్టు రాశావా, ఫైళ్ళన్నీ దానంతటదే మార్చేసేలా? నా బంగారమే! ఇంక పని తొందరగా అయిపోతుంది, సాయంత్రం రేపల్లె రైలుకి పరిగెత్తక్కర్లేదు నేను," అంది పొంగిపోతూ.

షాహీనా తలెత్తలేదు. "సార్ నిన్ను లోపలికి రమ్మన్నారక్కా. ఈ పనికి ఇంక మనిషి అక్కర్లేదంటున్నారు."

విశాలాక్షి షాహీనా వైపు తిరిగింది. ఏ లైను ఎందుకు మారుస్తావక్కా అని పక్కన కూర్చుని ఈ పిల్ల అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చెప్పింది తనే. తను లేనప్పుడు పని ఆగకుండా చూడ్డానికే నేర్చుకుంటోందనుకుంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"స్క్రిప్టు రాయమన్నప్పుడే చెప్పారు. నువ్వు సెలవు పెట్టకముందే."

"'అమ్మ దగ్గర ఉండక్కా, ఇక్కడ నేను చూసుకుంటా' అని పోరి పంపించింది నువ్వే కదే!"

"నాకూ ఉద్యోగం ఉండాలి కదక్కా."

విశాలాక్షి బ్యాగు భుజాన వేసుకుంది.

"అక్కా, బాపట్ల స్కూలు ఫైలొక్కటీ మారట్లేదు. ఎందుకో చెప్పి వెళ్ళవా?"

ఎందుకో విశాలాక్షికి తెలుసు. అలవాటుగా చెయ్యి కీబోర్డు మీదకి వెళ్ళింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని, సార్ గదివైపు నడిచింది.