మందాకిని చెప్పని క్షమాపణ

కెమెరా, బ్యాటరీ చూసి ఫోను కొనే రోజులు పోయాయి. మన బదులు మన గొంతుతో మన బంధువులతో ఏది బాగా మాట్లాడుతుందో అదే చూస్తున్నారు జనం. మందాకిని కూడా ఏలూరులో ఒక షాపుకెళ్లి, పేరున్న రెండు ఫోన్లలో తన గొంతూ, బంధువుల నంబర్లూ ఎక్కించి కౌంటరు మీద పక్కపక్కన పెట్టించింది.

"ఎవరితో మాట్లాడించమంటారు మేడం?" అన్నాడు సేల్స్‌మన్.

"ఎవరితోనైనా సరే, మా తోడికోడలు హైమావతితో తప్ప. గృహప్రవేశానికి బొట్టు పెట్టి పిలవకుండా ఫోను చేత పిలిపించిన మనిషి. అప్పట్నుంచీ మాటల్లేవు మాకు."

ఫోన్లు రెండూ వింటూనే ఉన్నాయి. మొదటిది అప్పటికప్పుడు హైమావతికి కలిపి, అచ్చం మందాకిని గొంతుతో, "తప్పు నాదే అక్కా," అనేసింది. రెండోది ఊరుకుంటుందా? అదీ కలిపి వెక్కి వెక్కి ఏడ్చింది.

"రెండోది ఎంత బాగా ఏడ్చిందో చూశారా! అటు ఆవిడ ఫోను క్షమించేసింది కూడా," అన్నాడతను సంబరంగా.

మందాకినికి ఒళ్లు మండిపోయింది. "తప్పు ఆవిడదైతే నేను ఏడవడమేంటయ్యా? నన్నడక్కుండా నా కోపం తీర్చెయ్యడానికి ఇవెవరు?"

ఫోన్లు అక్కడే వదిలేసి, ఆటో ఎక్కి తిన్నగా హైమావతి ఇంటికెళ్లి తలుపు బాదింది.

"నేనేం క్షమాపణ చెప్పలేదక్కా!" అని అరిచింది, తలుపు తెరుచుకోగానే.

"నేను మాత్రం క్షమించానా? ఆ మాట చెబుదామని నీ దగ్గరికే బయల్దేరుతున్నా," అని అంతకన్నా గట్టిగా అరిచింది హైమావతి. "లోపలికొచ్చి తిట్టు. బయట ఎండ మాడ్చేస్తోంది."